మామ తన మీద వేసుకున్న పాట

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున సూర్యాపేటలో కాలేజీకి బయలుదేరుతుంటే మా మేనమామ కూతురు ఫోన్ చేసింది.

"బావా, నాయన పోయిండు" అంది. "చాయ తాగిండు. గ్లాసు పక్కకు వెట్టి గోడకు ఒరిగిండు. కునుకు తీస్తున్నడనుకున్న" అంది.

"ఒస్తున్న" అని మాత్రం అనగలిగాను.

హైదరాబాదు బస్సు చౌటుప్పల్ దాటాక వెనక సీట్లో ఎవరో ఫోన్‌లో పాట పెట్టారు. పాతకాలపు పెళ్లిపాట, ఎప్పటిదో క్యాసెట్టు రికార్డింగు. పాడేవాళ్లెవరో తెలియదు గానీ, వెనక మోగుతున్న బ్యాంజో మా మామది. ఒక స్వరం మీద వేలు ఉంచి, పాట ముందుకు పోతున్నా వేలు తీయడానికి మనసొప్పనట్టు క్షణం ఆలస్యం చేసే ఆ అలవాటు ఇంకెవరికీ లేదు. వెనక్కి తిరిగి, ఇది వాయించినాయన ఇవాళ పొద్దున్నే పోయాడు అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. చెప్పాల్సిన చోట నోరు మూసుకోవడం నాకు కొత్త కాదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది కూడా అందుకే.

మన దగ్గర బ్యాంజో అంటే ఒక చెక్కపెట్టె. దాని మీద తీగలు బిగించి, పక్కన టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు పెడతారు. ఎడమచేతి వేళ్లతో మీటలు నొక్కుతూ, కుడిచేతిలో చిన్న ప్లాస్టిక్ ముక్క పట్టుకుని తీగల మీద ఆడించాలి. ఖవాలీల్లో, పెళ్లి బ్యాండుల్లో, వినాయక మండపాల దగ్గర మోగే వాయిద్యం. చప్పుడెక్కువ, సున్నితం తక్కువ అని కచేరీలు చేసేవాళ్లు దాన్ని పెద్దగా లెక్కచేయరు. మామ చేతిలో అది గొంతు జీరపోయిన మనిషి మాట్లాడినట్టు పలికేది. మూసారాంబాగ్ నుంచి వనస్థలిపురం దాకా పాతికేళ్లలో పెళ్లి జరిగిన ఇళ్లలో సగం ఇళ్లకైనా ఆయన వాయిద్యం తెలుసు. "బ్యాంజో ఆయన దొరికిండా?" అని అడిగి ముహూర్తం సర్దుకున్నవాళ్లున్నారు.

ఆయన పుట్టింది నకిరేకల్ దగ్గర ఒక పల్లెలో. మాది వడ్రంగుల ఇల్లు. బడికి పంపకుండా బాడిస చేతికిచ్చారు. ఒకసారి పక్క ఊరి దర్గా ఉర్సుకు హైదరాబాదు నుంచి ఖవాలీ బృందం వచ్చింది. వాళ్ల బ్యాంజోకు రెండు మీటలు విరిగిపోతే వడ్లాయన కోసం వెతికారు. మామ వెళ్లి, తుమ్మచెక్క చెక్కి మీటలు చేసిచ్చి, ఆ రాత్రంతా వేదిక కిందే కూర్చున్నాడు. తెల్లారి వాళ్ల వ్యానులోనే పట్నం వచ్చేశాడు. మూసారాంబాగ్‌లో ఒక్క గది. పగలు ఫర్నిచర్ షాపులో పని, సాయంత్రం ఆ బృందంలో బ్యాంజో వాయించే ఉస్తాదు ఇల్లు.

"ఉస్తాద్ నాకు నేర్పలే రా అల్లుడా. దగ్గర కూసుండి ఇననిచ్చిండు. గంతే" అనేవాడు.

వాయించే ముందు సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. పెళ్లిలో ఆ అవకాశం లేకపోతే బిస్లరీ నీళ్లయినా పోయించుకునేవాడు. పాత టూత్‌బ్రష్షుతో మీటల సందుల్లో దుమ్ము తీసేవాడు. వాయిస్తున్నంతసేపూ వేళ్ల వైపు చూడడు. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాలే చూస్తాడు. ఎందుకని అడిగితే, "వేళ్లకేం జూస్త? అవి నావే గదా" అన్నాడు.

ఇంకో అలవాటుంది. చిన్నవాళ్లెవరు కనిపించినా, పరిచయం ఉన్నా లేకున్నా, "అమ్మకు ఫోన్ జేసినవా ఇయ్యాల?" అని అడిగేవాడు. మా అమ్మమ్మ ఊళ్లో చనిపోయినప్పుడు మామ నగరంలో ఒక పెళ్లి ఊరేగింపులో వాయిస్తున్నాడు. కబురు ఆయనకు రెండు రోజుల తరువాత చేరింది.

అప్పగింతల పాట వాయించడంలో ఆయనకు పేరు. వనస్థలిపురంలో ఒక బ్యాంకు ఆఫీసరు కూతురి పెళ్లిలో నేనూ ఉన్నాను. వాళ్లది కృష్ణా జిల్లా. అమ్మాయి కారెక్కి వెళ్లిపోయాక ఆ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "మాస్టారూ, ఆ పాట ఇంకొక్కసారి వాయించండి. ఇందాక మా అమ్మాయి ఏడుస్తుంటే నేను సరిగ్గా వినలేదండీ" అన్నాడు. మామ షామియానా విప్పుతున్నవాళ్లను ఆపి, ఖాళీ కుర్చీల మధ్య ఆయన ఒక్కడికోసం మొత్తం వాయించాడు. ఆ తర్వాత ఏటా శ్రీరామనవమికి ఆ ఇంటి నుంచి ఫోన్ వచ్చేది.

తెలంగాణ ఉద్యమం వేడెక్కాక ఆ ఫోన్ రాలేదు. "నా మీద కోపం గాదు రా ఆయనకు. భయం. నాకూ గట్లనే ఉన్నది" అన్నాడు మామ.

అప్పటికి నేను ఎల్బీనగర్‌లో మామ వాళ్లింట్లోనే మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. చైతన్యపురిలో పోటీపరీక్షలకు తయారయ్యే పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. మాటలు కూర్చడం వచ్చు కాబట్టి ఉద్యమానికి పాటలు రాయడం మొదలుపెట్టాను. నలుగురం పాడేవాళ్లం, ఒకరు డప్పు, ఒకరు ఢోలక్. మా ధూంధాం బృందానికి బ్యాంజో కావాలంటే మామను అడిగాను. ఆయన ఒక్క మాట కూడా అడగకుండా వచ్చాడు.

రావడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. క్యాసెట్ల కాలంలో ఒక స్టూడియోలో ఎన్నో పాటలకు వాయించాడు. క్యాసెట్టు పెట్టె మీద ఆయన పేరు ఎప్పుడూ ఉండేది కాదు. అది పోనీ అనుకునేవాడు. పాటల మధ్య తీరిక దొరికితే అక్కడివాళ్లు ఆయన్ను నిలబెట్టి, "ఇందాక ఏమన్నారూ, 'గిట్ల'నా? మళ్లీ అనండి" అని అనిపించుకుని నవ్వేవారు. ఆ మాట చెప్పినప్పుడు మామ నవ్వలేదు. "నా చేతులు కావాలె వాళ్లకు. నా నోరు మాత్రం వద్దు" అన్నాడు.

ఆ మాటలోంచే నా పాట పుట్టింది. దాని చివరి చరణం ఇది:

ఎండిన మడికి నీళ్లడిగినం
నవ్విన నోళ్లను బదులడిగినం
అడిగి అడిగి అలిసినమమ్మా
ఇగ పానమిచ్చి తెచ్చుకుంటం

బాణీ మామదే. మొదటి రెండు వరుసలు కింది స్వరాల్లో నడిపి, మూడో వరుస దగ్గర ఆగి, నాలుగో వరుసను ఒక్కసారి పైకి లేపాడు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదురుగా మొదటిసారి పాడినప్పుడు 'పానమిచ్చి' అనగానే జనమంతా లేచి నిలబడ్డారు. తర్వాత ఏ సభకు పోయినా ఆ పాటే అడిగారు. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకునే వంటావార్పుల్లో, దీక్షా శిబిరాల్లో, కాలేజీ గేట్ల ముందు పాడాం. నేనెవరో జనానికి తెలిసింది.

నెలరోజులయ్యాక ఒకనాడు మామ మేడ మీదికి వచ్చాడు. మామూలుగా రాడు, మోకాళ్ల నొప్పులు.

"అల్లుడా, ఆ కడపటి మాట మార్చరాదూ?"

"ఏ మాట?"

"పానమిచ్చి అనేది. పట్టుబట్టి తెచ్చుకుంటం అను. బాణీకి గూడ సరిపోతది, నేను వాయించి సూసిన."

నాకు నవ్వొచ్చింది. "మామా, అది తీసేస్తే పాటల ఏమున్నది? అక్కడనే గదా జనం లేస్తరు."

"నువ్వు సప్పట్లు ఇంటున్నవ్. నేను మొకాలు సూస్తున్న. ముంగట నిలవడ్డ పిల్లగాండ్లు ఆ మాట కాడ సప్పట్లు కొడ్తలేరు రా. ఊకె నిలవడి సూస్తున్నరు. నాకు మంచిగనిపిస్తలే."

"అది పాట మామా. నిజంగ ఎవరన్న..."

"నా పెట్టెకు మాటల్లేవు. నీ పాటకున్నయి. జర ఆలోచన చెయ్యి."

ఆలోచించలేదు. అప్పటికే అక్కడక్కడ పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని పేపర్లలో వస్తూనే ఉంది. వాళ్ల గురించి కన్నీళ్లు పెట్టుకుంటూనే నేను ఆ మాటను ఇంకాస్త గట్టిగా పాడాను.

నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. మునుగోడు వైపు పల్లె, డిగ్రీ అయిపోయింది, చైతన్యపురిలో హాస్టల్లో ఉండి గ్రూపు పరీక్షలకు చదువుతున్నాడు. తండ్రి లేడు. తల్లి పత్తి చేలల్లో కూలికి పోయి చదివించింది. రాత చాలా గుండ్రంగా ఉండేది. క్లాసులో ఎప్పుడూ ప్రశ్న అడగడు. ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ సభ అయ్యాక నోటుపుస్తకం పట్టుకుని వేదిక వెనక్కి వచ్చాడు.

"సార్, గా పాట జర రాసియ్యున్రి. మీ చేత్తోని."

గర్వంగా అనిపించింది. పాటంతా రాశాను. కింద సంతకం పెట్టాను. అదే పుస్తకం మామ ముందు పెట్టి, "మీరు గూడ ఏమన్న రాయున్రి" అన్నాడు.

"నాకు రాయరాదు బిడ్డా" అన్నాడు మామ, బ్యాంజో తుడుస్తూ. "అమ్మకు ఫోన్ జేసినవా ఇయ్యాల?"

"చెయ్యలే."

"నా ఫోన్ తీస్కో. చెయ్యి."

అబ్బాయి సిగ్గుపడుతూ ఆ ఫోన్‌లోనే వాళ్ల పక్కింటికి చేసి తల్లిని పిలిపించాడు. తిన్నా, మంచిగున్నా, ఆదివారం వస్తా అన్నాడు. మామ అంతసేపూ వాడి ముఖమే చూస్తూ కూర్చున్నాడు. నేను అప్పటికే ఇంకెవరితోనో మాట్లాడుతున్నాను.

మూడు వారాలకు ఆ అబ్బాయి చనిపోయాడు. ఎలా అన్నది ఇక్కడ రాయను. పరీక్షల ప్రకటన మళ్లీ వాయిదా పడిందని చాలా దిగులుగా ఉన్నాడని హాస్టల్ వాళ్లు చెప్పారు. ఆ వారమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని గదిలో ఉన్న స్నేహితుడు చెప్పాడు. ఒక పాట విని ఎవరూ చనిపోరు అని తర్వాత నాకు చాలామంది చెప్పారు. నిజమే కావచ్చు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను.

అయిదో రోజు ఎల్బీనగర్ చౌరస్తా పక్కన డేరా వేసి సంతాపసభ పెట్టారు. తల్లిని ఊరి నుంచి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. నలభై అయిదేళ్లు కూడా ఉండవు. ఎవరో కప్పిన శాలువా భుజం మీద నుంచి జారిపోతున్నా పట్టించుకోవడం లేదు. ఒళ్లో నోటుపుస్తకం ఉంది. ఉపన్యాసాలు జరుగుతుండగానే లేచి మా బృందం దగ్గరికి వచ్చింది. పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించింది.

"కొడుకు తలాపున దొరికింది. వేరేవాళ్ల రాత అన్నరు. గీ పాట రాసిందెవరు?"

మైకు నా చేతిలో ఉంది. పక్కన మా డప్పు ఆయన నా వైపు చూశాడు. అందరికీ తెలుసు. నేను చెప్పాలి. చెబుతాననే అనుకున్నాను, ఒక్క క్షణం ఆగి చెబుతాననుకున్నాను.

"నేనే అమ్మా" అన్నాడు మామ.

తన పేరు కూడా రాయడం రాని మనిషి.

ఆమె ఆయన్ను కొట్టలేదు. రెండు చేతులూ పట్టుకుని, తిప్పి చూసి, "గీ చేతులేనా? ఇరిగిపోను గీ చేతులు" అంది. పిడికిళ్లతో ఆయన చేతుల మీదే మోదింది. ఆడవాళ్లు వచ్చి పట్టుకున్నారు. మామ చేతులు వెనక్కి తీసుకోలేదు.

వేదిక మీద పెద్దమనిషికి ఇదంతా వినపడలేదు. మైకులో, "ఇప్పుడు మన బిడ్డకు ఎంతో ఇష్టమైన పాటతో నివాళి" అని ప్రకటించాడు. మామ మెడలోంచి బ్యాంజో పట్టీ తీశాడు. పెట్టెలో పెట్టి మూత వేశాడు. వెళ్లి ఆ తల్లికి కాస్త దూరంగా, నేల మీద కూర్చున్నాడు.

నేను పాడాను. బ్యాంజో లేకుండానే పాడాను. నాలుగో వరుస దగ్గర నా గొంతు అలవాటుగా పైకి లేచింది. జనం లేచి నిలబడ్డారు. కింద కూర్చున్నవాళ్లు ఇద్దరే.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ అడిగాను. "నీదని ఎందుకు చెప్పినవ్ మామా?"

"ఆమెకు ఒక మనిషి గావాలె అప్పుడు. నువ్వు నిలవడెటట్టు లేవు."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన ఆ పాటకు మళ్లీ వాయించలేదు. మిగతా పాటలకు వస్తానన్నాడు, కానీ ఆ పాట లేకుండా మా సభ లేదు. బృందంలో గొణుగుడు మొదలైంది. ఆంధ్రోళ్ల పెండ్లిళ్లు పోతయని భయపడుతున్నడు అన్నారు. వాళ్ల పెళ్లిళ్లకు పిలుపులు ఎప్పుడో ఆగిపోయాయని నాకు తెలుసు. ఆయన నిండుగా తెలంగాణ మనిషి అనీ తెలుసు. సమ్మె రోజుల్లో బస్సులు లేకపోతే మోకాళ్ల నొప్పులతోనే దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్లి శిబిరంలో కూర్చునేవాడు, బ్యాంజో లేకుండా, ఊరికే, జనంలో ఒకడిగా. బృందంలో ఆ మాట అన్నప్పుడు నేను కాదనలేదు. ఒకసారి నేనే ఇంట్లో అత్తమ్మ ముందు, "మామ భయపడ్డడు" అన్నాను. అత్తమ్మ అన్నం వడ్డిస్తూ గరిటె అలాగే పట్టుకుని నన్ను చూసింది. ఆ వారమే గది ఖాళీ చేసి చైతన్యపురికి మారిపోయాను. దాదాపు మూడేళ్లు ఆ ఇంటికి సరిగా పోలేదు.

ఆ కాలంలో మామ ఏం చేశాడో నాకు తర్వాత అత్తమ్మ చెప్పింది. మరుసటి ఏడు ఆ అబ్బాయి పోయిన రోజున, పొద్దున్నే నల్లగొండ బస్సెక్కి ఆ ఊరికి పోయాడట. ఆమె తలుపు వేసుకుంది. ఆయన వాకిట్లో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేశాడు. రెండో ఏడూ అంతే. మూడో ఏడు పోయేసరికి ఆ తలుపే ఒక పక్కకు జారి, నేలకు రాసుకుంటూ, మూయడానికి రాకుండా ఉందట. మామ ఎవరి దగ్గరో సుత్తి, మేకులు అడిగి తెచ్చాడు. తలుపు ఊడదీసి, అంచు చెక్కి, మళ్లీ బిగించాడు. ఆమె ఇంట్లోంచే చూసింది. పని అయ్యాక చెంబుతో నీళ్లు తెచ్చి గడప మీద పెట్టింది.

రాష్ట్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా గులాల్ రంగు. నేను గొంతు పోయేదాకా పాడాను. మర్నాడు స్వీటు డబ్బా పట్టుకుని ఎల్బీనగర్ వెళ్లాను. మామ తలుపు తీసి, నన్ను చూసి, ఏ రోజూ దూరం కానట్టే, "రా రా అల్లుడా, తెచ్చుకున్నం గదా" అని కౌగిలించుకున్నాడు. ఏడ్చాడు. లడ్డూ సగం తిని సగం నాకు పెట్టాడు. తరువాత సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి బ్యాంజో దించాడు.

ఆ పాటే. అన్నేళ్ల తర్వాత.

నేను మెల్లగా పాడాను. మూడో వరుస అయ్యాక ఆయన ఎప్పటిలా ఆగాడు. నా ముఖం చూస్తున్నాడు. 'పట్టుబట్టి' అంటే సరిపోయేది. నా నోటికి ఆ మాట రాలేదు. పాత మాట అనే ధైర్యమూ లేదు. ఆయన కాసేపు చూసి, ఆ వరుసను తానూ వాయించకుండా వదిలేసి, బ్యాంజో పక్కన పెట్టాడు.

"చాయ పెట్టుమంటనా?" అన్నాడు.

తర్వాత నాకు సూర్యాపేటలో ఉద్యోగం వచ్చింది. మామకు ఒక సభలో సన్మానం జరిగింది. శాలువా, జ్ఞాపిక, ఫోటోలు. ఆ పాట వాయించమని అడిగితే అప్పగింతల పాట వాయించి దిగొచ్చాడట. షుగరు వల్ల ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కేవి. ఏ మీట మీద వేలుందో తెలుస్తలేదు అని నవ్వుతూ చెప్పేవాడు. అయినా పిలిచిన పెళ్లికి పోయేవాడు, ఏటా ఆ తల్లి దగ్గరికీ పోయేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా క్లాసుల గురించి, పిల్లల గురించి అడిగేవాడు. ఆ రోజు ఆయన అన్న 'నేనే' గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఈసారి పోయినప్పుడు మాట్లాడాలి అని ఎన్నోసార్లు అనుకున్నాను. పోయేవాణ్ణి, తినేవాణ్ణి, వచ్చేవాణ్ణి.

పదోరోజు దినానికి ఆ అబ్బాయి తల్లి వచ్చింది.

మరదలు కబురు పెట్టిందట. తెల్ల వెంట్రుకలు, చేతిలో బట్టల షాపు సంచి. మామ ఫోటో ముందు కాసేపు నిలబడింది, అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకే ఇంటి మనుషుల్లా ఉన్నారు. భోజనాలయ్యాక బయట మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటే నేను వెళ్లాను.

"నువ్వే గదా ఆనాడు పాడినోనివి" అంది.

"అవునమ్మా." కూర్చున్నాను. ఇంకో క్షణం ఆగితే మళ్లీ ఆగిపోతానని తెలుసు. "ఆ పుస్తకంల పాట రాసింది మామ గాదు. నేను. ఆ రాత నాది."

ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆయన గాదని నాకెర్కనే. ఒకపారి కరెంటు బిల్లు ఇచ్చి సదువుమన్న. ఇటు తిప్పి అటు తిప్పి, నాకు సదువురాదమ్మా అన్నడు. అని, నాలిక గర్సుకున్నడు. గప్పుడు నవ్విన. కొడుకు పోయినంక నవ్వుడు గదే మొదలు."

"మరి ఎవరని అడగలేదా?"

"అడిగిన. నేనే అన్నడు మల్ల. మొండి మనిషి. ఇంక అడగలే." నా వైపు తిరిగింది. "నువ్వెందుకు చెప్పలే గప్పుడు?"

"భయమైందమ్మా."

"ఆయనకు గాలేదా భయం?"

 

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. దాన్లో నోటుపుస్తకం. పేజీ తీసి నా ఒళ్లో పెట్టింది.

"సదువు. నాకు రాదు, ఆయనకు రాదు. ఇంకొకల్లను అడగబుద్ధిగాలె. పాడకు. ఊకె సదువు."

నా రాత. అప్పటి నా సంతకం, కింద రెండు గీతలు. చదివాను. బాణీ లేకుండా, గొంతు లేపకుండా, క్లాసులో పిల్లలకు చదివినట్టు. మడి, నీళ్లు, నవ్విన నోళ్లు. మూడో వరుస అయ్యాక ఆగిపోయాను.

"ఊ" అంది.

చదివాను.

"గంతేనా?"

"గంతేనమ్మా."

గేటు వైపు తిరిగింది. "నీళ్లడిగినం అని రాసినవ్ గద, గది మంచిగున్నది" అంది. "గా నీళ్లకాడికే ఆపితే అయిపోతుండె గదా బిడ్డా."

నేను తల దించుకున్నాను. మామ చేతుల మీద పడిన పిడికిళ్లు నా మీద పడి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. ఆమె క్షమించానని అనలేదు, నేను అడగలేదు. పుస్తకం కవర్లో పెట్టుకుంది.

నాలుగు గంటలకు ఆమెను బస్సెక్కించడానికి ఎల్బీనగర్ చౌరస్తాకు నడిచాం. నల్లగొండ బస్సు ఆగి ఉంది. కిటికీలోంచి చేతిరుమాలు వేసి సీటు పట్టాను. ఆమె ఎక్కి కూర్చుంది. నేను నడవలో నిలబడ్డాను, దిగాలో ఉండాలో తెలియక.

ఆమె కిటికీ వైపు జరిగింది. "కూసో. ఇంక కదలనీకె టైముంది" అంది.

పక్కన కూర్చున్నాను. ఇంజను ఆడుతుంటే కిటికీ అద్దం గలగలమంటోంది. బయట ఒకాయన జామకాయలు కోసి ఉప్పుకారం అద్దుతున్నాడు. ఇద్దరం అటే చూస్తున్నాం. సీట్లు నిండాయి. కండక్టరు మా దగ్గరికి వచ్చి, "నల్లగొండ, రెండా?" అన్నాడు.

"ఒక్కటే" అంది ఆమె, కొంగు ముడి విప్పుతూ. "ఈన దిగుతడు. జర ఆగు, దిగనియ్యి."